కీన్స్ అంటే 45 డిగ్రీల గీతేనా? డిగ్రీ పాఠం, కరువు పని, రైతుబంధు గురించి వివరంగా మాట్లాడుకుందాం

కాకతీయ_ఎకనామిక్స్ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. స్థూల అర్థశాస్త్రంలో (దేశం మొత్తం ఆదాయం, ధరలు, ఉద్యోగాలు కలిపి చూసే శాస్త్రం) బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ యూనిట్ వచ్చినప్పుడల్లా నాకు అదే అసంతృప్తి. సే సూత్రం, సార్థక డిమాండ్, వినియోగ ఫలం, గుణకం, ద్రవ్యత్వాభిరుచి, ఆ తర్వాత ఐఎస్-ఎల్ఎం (వడ్డీ రేటు, ఆదాయం కలిపి చూపే బొమ్మ). ఖర్చు, ఆదాయం సమానమయ్యే చోట్లను చూపే 45 డిగ్రీల గీతతో సహా పిల్లలు బొమ్మలు చక్కగా గీస్తారు, ఉపాంత వినియోగ ప్రవృత్తి (అదనంగా వచ్చిన రూపాయిలో ఖర్చయ్యే భాగం) 0.8 అయితే గుణకం (మొదటి ఖర్చుకు ఆదాయం ఎన్ని రెట్లు పెరుగుతుందన్న లెక్క) 5 అని టక్కున చెబుతారు, మార్కులూ వస్తాయి. కానీ పాఠం 1936లో వచ్చిన కీన్స్ పుస్తకంతో మొదలై 1937 నాటి ఐఎస్-ఎల్ఎం బొమ్మతో ఆగిపోతుంది, ఆ మీదట "విమర్శలు" అని ఒక పేజీ. తర్వాత ఈ ఆలోచన ఎన్ని మలుపులు తిరిగిందో, దాన్ని ఎవరు ఎలా మార్చారో, మన దేశంలో ఎవరు ఒప్పుకున్నారో ఎవరు కాదన్నారో ఎక్కడా ఉండదు. "ఇది మనలాంటి జిల్లాకు వర్తిస్తుందా మేడం?" అని ఎవరైనా అడిగితే దానికి సిలబస్‌లో చోటే లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కీన్స్‌లో ప్రాణం లాంటి విషయాలు రెండు. రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, అందుకే పెట్టుబడి పెట్టగలిగినవాడు కూడా ఆగిపోతాడు. రెండోది, రూపాయి ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టే అది ఖర్చవుతుందో లేదో తేలుతుంది. ఈ రెండూ బొమ్మలో కనపడవు కాబట్టి క్లాసులోంచి కూడా పోయాయి. మీరేమంటారు?

గ్రూప్2_కరీంనగర్

మేడం, కోచింగ్‌లో మాకు చెప్పింది ఒక్క ముక్కే. కీన్స్ అంటే మాంద్యం వస్తే ప్రభుత్వం అప్పు చేసి ఖర్చు పెట్టాలి అని. అంతేనా, ఇంకా ఉందా?

సుబేదారి_మాస్టారు

తమ్ముడూ, చాలా ఉంది. మీకు చివరి మాట చెప్పి దాని ముందున్న కథంతా వదిలేశారు.

1933 నాటికి అమెరికాలో పని చేస్తున్న, పని కోసం చూస్తున్న వాళ్లందరిలో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. ఫ్యాక్టరీలు ఎక్కడివక్కడే ఉన్నాయి, యంత్రాలు పాడవలేదు, మనుషులకు పని వచ్చు. అయినా అన్నీ ఖాళీ. కూలి రేటు తగ్గనిస్తే పని దానంతటదే దొరుకుతుందని అప్పటిదాకా పాఠం. కీన్స్ దగ్గర మొదలయ్యే ప్రశ్న చాలా మామూలుది: ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం కదా, అందరి కూలీ ఒకేసారి తగ్గిస్తే తయారైన సరుకు కొనేదెవరు? ఒక్క యజమాని కూలి తగ్గిస్తే అతనికి లాభమే, అందరూ తగ్గిస్తే అందరికీ గిరాకీ పడిపోతుంది. ఒకరికి నిజమైనది అందరికీ కలిపి చూస్తే నిజం కాకపోవచ్చు అన్న ఈ చూపే స్థూల అర్థశాస్త్రానికి పునాది. గుణకం కూడా ఆయన ఒక్కడి సొత్తు కాదు, 1931లో ఆయన శిష్యుడు రిచర్డ్ కాన్ లెక్క వేశాడు. కీన్స్ ముఖ్య పుస్తకం 'జనరల్ థియరీ' 1936 ఫిబ్రవరిలో వచ్చింది.

అప్పు సంగతి. 1937లో బ్రిటన్ కాస్త కోలుకుంటున్నప్పుడు 'ది టైమ్స్'లో రాస్తూ, ఖజానా చేయి బిగించాల్సింది మాంద్యంలో కాదు, బూమ్‌లో (వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు) అన్నాడు. 1940లో యుద్ధం ఖర్చు ఎలా భరించాలన్న చర్చలో, జనం జీతాల్లో కొంత భాగం తప్పనిసరిగా దాచిపెట్టించి యుద్ధం అయ్యాక తిరిగి ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఎందుకు? అప్పటి చిక్కు గిరాకీ తక్కువవడం కాదు, సరుకు తక్కువవడం. "ఎప్పుడూ ఖర్చు పెట్టు" అని చెప్పే మనిషి ఇలా రాయడు. జబ్బు ఏదో చూసి మందు రాసే పద్ధతి ఆయనది.

లోటు_వద్దు (నిజామాబాద్)

మాస్టారూ, చెప్పింది బాగుంది. కానీ బూమ్‌లో చేయి బిగించిన ప్రభుత్వాన్ని ఒక్కదాన్ని చూపించండి. మాంద్యంలో ఖర్చు పెట్టమంటే ప్రతి మంత్రీ కీన్సియనే. బూమ్ వచ్చినప్పుడు ఆ పుస్తకం ఎవరూ తెరవరు. నా అభ్యంతరం సిద్ధాంతం మీద కాదు, అది మనుషుల చేతిలో పడ్డాక ఏమవుతుందన్న దాని మీద.

ఇంకో విషయం. 1970లను మీరు దాటేస్తున్నారు. ద్రవ్యోల్బణం కొంచెం భరిస్తే నిరుద్యోగం కొంచెం తగ్గుతుంది, మీకు కావలసిన జోడీ ఎంచుకోండి అని 1960లో అమెరికా ఆర్థికవేత్తలు శామ్యూల్సన్, సోలో ఇద్దరూ ఫిలిప్స్ వక్రరేఖ చూపించి చెప్పారు. 1973లో చమురు ధర పెరిగాక ధరలు, నిరుద్యోగం రెండూ కలిసి పెరిగాయి. మన దగ్గర 1974-75లో టోకు ధరలు 25 శాతం పెరిగాయి. ఖర్చు పెట్టి మాంద్యం నుంచి బయటపడే రోజులు పోయాయని 1976లో బ్రిటన్ ప్రధాని కాలహాన్ తన లేబర్ పార్టీ సభలోనే ఒప్పుకున్నాడు. ఆయన కార్మికుల పార్టీ మనిషి, పెట్టుబడిదారుల మనిషి కాదు. దీనికి సమాధానం చెప్పకుండా 1936 గొప్పలు ఎన్ని చెప్పినా లాభం లేదు.

కాకతీయ_ఎకనామిక్స్ (హన్మకొండ)

లోటు_వద్దు గారూ, ఈ అభ్యంతరం సరైనదే. ఇదే సిలబస్‌లో ఉండాల్సింది.

అయితే ఫిలిప్స్ వక్రరేఖ కీన్స్‌ది కాదు. ఫిలిప్స్ వ్యాసం 1958ది, కీన్స్ పోయింది 1946లో. 60ల నాటి కీన్సియన్లకు ధైర్యం ఎక్కువైంది, అది మాత్రం నిజం. ధరలు పెరుగుతాయని జనానికి తెలిశాక వాళ్లు కూలి కూడా అంతే పెంచి అడుగుతారు, అప్పుడు ఆ బేరం చెల్లదు అని అమెరికా ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ 1967 డిసెంబర్‌లోనే హెచ్చరించాడు, ఫెల్ప్స్ కూడా అదే చెప్పాడు. వాళ్ల మాట నిలబడింది. పిల్లలకు ఫ్రీడ్‌మన్‌ను విలన్‌లా చెప్పడం నాకు ఇష్టం లేదు.

తర్వాత లూకాస్, సార్జెంట్ వాళ్లు ఇంకా ముందుకు వెళ్లి, మార్కెట్లు ఎప్పుడూ సర్దుకుంటాయన్న చోటుకే తిరిగి తీసుకెళ్లారు. దానికి జవాబుగా 80ల్లో న్యూ కీన్సియన్లు వచ్చారు. ధర మార్చడానికి కూడా ఖర్చవుతుంది కాబట్టి కంపెనీలు వెంటనే మార్చవని మాంకివ్, నిరుద్యోగం ఉన్నా యజమాని కావాలనే కూలి ఎక్కువ ఇస్తాడని, లేకపోతే పని సరిగా జరగదని షపీరో, స్టిగ్లిట్జ్. ఇవి మంచి పరిశోధనలే. కానీ గమనించండి, వాళ్ల లెక్కలో ధరలు, జీతాలు చకచకా మారితే సమస్యే ఉండదు. 1936 పుస్తకం చెప్పింది అది కాదు. జీతాలు చకచకా పడిపోతే పరిస్థితి ఇంకా దిగజారవచ్చని చెప్పింది. పేరు అదే, లోపలి సరుకు మారిపోయింది.

సుబేదారి_మాస్టారు

సరుకు మారడం ఇంకా ముందే మొదలైంది మేడం. పాఠ్యపుస్తకాల చరిత్ర చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం పొడుగవుతుంది.

1937లో హిక్స్ ఒక వ్యాసంలో కీన్స్‌నూ పాతవాళ్లనూ ఒకే బొమ్మలో ఇమిడ్చాడు. మన ఐఎస్-ఎల్ఎం అక్కడిదే. అదే ఏడాది కీన్స్ ఇంకో వ్యాసం రాశాడు. యుద్ధం వస్తుందా, ఇరవై ఏళ్ల తర్వాత వడ్డీ రేటు ఎంతుంటుంది, ఇలాంటివాటికి ఏ లెక్కా లేదు, మనకు తెలియదు అంతే, అందుకే జనం డబ్బు చేతిలో ఉంచుకుని నిశ్చింతగా ఉండాలనుకుంటారు అని. రెండూ ఒకే సంవత్సరం వచ్చాయి. క్లాసులోకి వెళ్లింది బొమ్మ. ఎందుకంటే బొమ్మ మీద ప్రశ్న వేయొచ్చు, మార్కులు వేయొచ్చు. "మనకు తెలియదు" అన్నదాని మీద పది మార్కుల ప్రశ్న ఎలా వేస్తారు?

తర్వాత అమెరికా. లోరీ టార్షిస్ అని కెనడా ఆయన, 30ల్లో కేంబ్రిడ్జ్‌లో కీన్స్ ఉపన్యాసాలు కూర్చుని విన్నవాడు. 1947లో ఆయన కీన్సియన్ పాఠ్యపుస్తకం రాశాడు. మొదట బాగా పోయింది. అంతలో దాని మీద కమ్యూనిస్టు అని ఎర్ర ముద్ర వేసి, కాలేజీల పెద్దలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ప్రచారం చేశారు. కాలేజీలు ఒకదాని వెంట ఒకటి వదిలేశాయి. మరుసటి ఏడాది, 1948లో శామ్యూల్సన్ పుస్తకం వచ్చింది. ఆ గొడవ ఆయన దాకా కూడా వచ్చింది కానీ, ఎక్కడా దొరకకుండా లాయరులాగా ఆచితూచి రాశాడు, పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. మీ 45 డిగ్రీల గీతను ఇంటింటికీ చేర్చింది ఆ పుస్తకమే. మాంద్యంలో కీన్స్, సంపూర్ణోద్యోగిత వచ్చాక పాత సిద్ధాంతం అని ఒక రాజీ కుదిరింది. కీన్స్‌తో కలిసి పనిచేసిన జోన్ రాబిన్సన్ ఆ రాజీని ఇక్కడ రాయలేనంత కటువైన మాటతో తిట్టింది. హిక్స్ అయితే 1980 ప్రాంతంలో తన బొమ్మను తానే క్లాసురూం పనిముట్టు స్థాయికి దించాడు. మనం ఇంకా దాన్నే గీయిస్తున్నాం.

ఎనుమాముల_అడ్తి

నేను చదివింది బీకాం, మీ అంత తెలియదు సార్, కానీ ఆ "రేపు తెలియదు" అన్న మాట మాత్రం రోజూ చూస్తాం కాబట్టి రాస్తున్నాను. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లు ఓనరు బ్యాంకు వడ్డీ అర శాతం తగ్గిందని కొత్త మిషన్‌కు ఆర్డర్ పెట్టడు. దూది ఎవరు కొంటారు, గింజ ధర నిలబడుతుందా, సీసీఐ (కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ) ఎప్పుడు కొనుగోలు మొదలుపెడుతుంది, ఇవన్నీ చూస్తాడు. ఏదీ తేలకపోతే ఉన్న మిల్లునే ఒక్క షిఫ్టుతో నడిపిస్తాడు. మిర్చిలో ఇంకా ఘోరం, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా ఈరోజే అమ్మాలా అన్నది పూర్తిగా గుండె ధైర్యం మీదే.

నోట్ల రద్దు 2016 నవంబర్ 8న వచ్చింది, సరిగ్గా పత్తి యార్డుకు వచ్చే రోజులు. చలామణిలో ఉన్న డబ్బులో విలువ లెక్కన 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. పత్తి ఉంది, కొనేవాడున్నాడు, హమాలీ ఉన్నాడు, దడువాయి (తూకం వేసేవాడు) ఉన్నాడు, కాంటా ఉంది. చేతి నుంచి చేతికి పోయే నోటు లేదు. రైతు చెక్కు తీసుకుని ఏం చేసుకుంటాడు, కూలివాళ్లకు చెక్కు ముక్క కోసి ఇవ్వలేడు కదా. బస్తా కదలకపోతే హమాలీకి కూలి లేదు, హమాలీకి కూలి లేకపోతే గేటు బయట ఇడ్లీ బండికి గిరాకీ లేదు. ఎవరూ సోమరులు కాలేదు, ఏ మిషనూ చెడిపోలేదు. ఇది కీన్స్ చెప్పిందేనా సార్?

సుబేదారి_మాస్టారు

సగం అదే. నోటు కొరత వేరు, నోటు ఉండి కూడా ఖర్చు పెట్టకపోవడం వేరు. కీన్స్ ఎక్కువగా మాట్లాడింది రెండోదాని గురించి. కానీ మీరు చెప్పిన హమాలీ, ఇడ్లీ బండి వరుస ఉంది చూశారా, అది గుణకమే, కిందికి తిరిగిన గుణకం. మీ మిల్లు ఓనరు కథ మాత్రం నూటికి నూరు పాళ్లు కీన్సే. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. పన్ను మిగిలింది కదా అని ఎవరూ కొత్త ఫ్యాక్టరీ కట్టరు, సరుకు అమ్ముడవుతుందన్న నమ్మకం ఉంటేనే కడతారు.

గోదావరిఖని_బిడ్డ

ఒక సందేహం. కీన్స్ గుంతలు తవ్వి పూడ్చమన్నాడని అందరూ అంటారు. బొగ్గు బాయిల గురించి కూడా ఏదో అన్నాడట, నిజమేనా? మా నాన్న సింగరేణిలో చేసి రిటైర్ అయ్యాడు, అందుకే అడుగుతున్నా.

కాకతీయ_ఎకనామిక్స్ (హన్మకొండ)

నిజమే తమ్ముడూ, 'జనరల్ థియరీ' పదో అధ్యాయంలో ఉంది. ఖజానావాళ్లు పాత సీసాల్లో నోట్లు కుక్కి, వాడకం మానేసిన బొగ్గు గనుల్లో పాతిపెట్టి, పైన ఊరి చెత్తతో నింపేసి, తవ్వుకునే పని ప్రైవేటువాళ్లకు వదిలేసినా నిరుద్యోగం పోతుంది అంటాడు. జనం అక్కడే ఆపేస్తారు. తర్వాతి వాక్యం చదవరు. ఇళ్లు, అలాంటివి కట్టడం దీనికంటే తెలివైన పని, దానికి అడ్డంకులు ఉన్నాయంటే ఏమీ చేయకపోవడం కంటే ఇదైనా నయం అంటాడు. ఆయన కోపం గుంతలు తవ్వనివాళ్ల మీద కాదు, బంగారం గనులు తవ్వడం మంచి వ్యాపారమని మెచ్చుకుంటూ జనానికి ఇళ్లు కట్టడం మాత్రం దుబారా అనే పెద్దల మీద.

కరువుపని_మేట్ (జనగామ)

గుంతలు అన్నారు కాబట్టి నేనూ రాస్తా. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, మొదటి విడత జిల్లాల్లో మన పాత వరంగల్ కూడా ఉంది. మా ఊర్లో ఈరోజుకీ దాన్ని కరువు పని అనే అంటారు. గుంతలు తవ్వించి పైసలు పంచుతున్నారని పట్నంవాళ్లు ఎగతాళి చేస్తే నాకు మండుతుంది. మేం తవ్వినవి చెరువు పూడిక, పొలాల్లో నీటి కుంటలు, కాలువ గట్లు. ఎండాకాలం పొద్దున్నే ఆరింటికి పోయి, ఎండ ముదరకముందే కొలతలు ఇవ్వాలి. గట్టి నేల పడితే ఎంత తవ్వినా కొలత రాదు, కూలి తగ్గుతుంది.

నేను చూసిన మార్పు ఒకటి చెబుతా. ఈ పని ఉన్న వేసవిలో ఆడవాళ్లు కూలి రేటు మాట్లాడే తీరు మారింది. అంతకుముందు ఆసామి చెప్పిందే రేటు. తర్వాత "ఇంతిస్తేనే వస్తం, లేకపోతే కరువు పనికి పోతం" అనగలిగారు. పత్తి ఏరే రోజుల్లో ఆసాములు మస్తు గొణిగారు, నిజమే, చిన్న రైతుకు కూడా అది భారమే. కానీ మీరు పైన రాసిన దానికి ఇది సంబంధం ఉంది: కూలి పెరిగితే పని తగ్గిపోవాలి కదా పాఠం ప్రకారం, మా దగ్గర మాత్రం కొట్లల్లో అమ్మకాలు పెరిగాయి.

పైసలు లేటు అయితే మాత్రం అంతా వృథా. చేసిన పనికి రెండు నెలలకు కూలి పడితే ఈలోపు వాళ్లు మిత్తికి తెస్తారు. ఆ కూలి మిత్తికే పోతుంది.

మోడరేటర్

చర్చ బాగుంది. పథకాల మీద మాట్లాడండి, పార్టీల మీద వద్దు. పార్టీల గొడవగా మారిన రెండు పోస్టులు తీసేశాం.

రీసెర్చ్_స్కాలర్_ఓరుగల్లు

మేడం అడిగిన అసలు ప్రశ్న "మనకు వర్తిస్తుందా" అన్నది. దీనికి మన దేశంలోనే చాలా గొప్ప సమాధానం ఉంది, సిలబస్‌లో ఒక్క లైనుకు మించి ఉండదు. వి.కె.ఆర్.వి. రావు. కేంబ్రిడ్జ్‌లో కీన్స్ దగ్గర చదివి, తిరిగొచ్చి 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పెట్టినాయన. 1952లో ఆయన రాసిన వ్యాసం గుణకం భారత్‌లో పనిచేయదంటుంది. గురువు మీద గౌరవంతోనే, కానీ మొహమాటం లేకుండా.

ఆయన వాదన ఏమిటంటే, కీన్స్ చూసిన దేశంలో ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది, కార్మికుడు పని కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. గిరాకీ పెరిగితే రేపే ఉత్పత్తి పెరుగుతుంది. మన దగ్గర అలా కాదు. ఇక్కడున్నది ప్రచ్ఛన్న నిరుద్యోగిత, ముగ్గురు చేసే పొలం పని ఐదుగురు చేస్తున్నారు, ఎవరూ నిరుద్యోగి అని రాయించుకోరు. పండిన పంటలో ఎక్కువ భాగం ఇంట్లోనే తింటారు. కూలి చేతికి పైసలు వస్తే మొదట అడిగేది తిండి గింజలు, వాన పడకపోతే గింజలు పెరగవు. అప్పుడు గుణకం ఉత్పత్తిలో కాదు, ధరల్లో పనిచేస్తుంది. రెండో ప్రణాళికలో 1,200 కోట్ల లోటు ద్రవ్యం (కొత్త డబ్బు సృష్టించి లోటు పూడ్చుకోవడం) అనుకున్నారు, 1957 నాటికే విదేశీ మారకం చిక్కుల్లో పడ్డారు. రావు భయపడ్డది గాల్లోంచి పుట్టలేదు.

నా ప్రశ్న ఏమిటంటే, 1952 మాట ఇప్పటికీ నిజమేనా?

లోటు_వద్దు (నిజామాబాద్)

ఇది బంగారం లాంటి పోస్టు. నేను చెప్పాలనుకున్నది రావు గారు నాకంటే ముందే చెప్పేశారన్నమాట. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత కూడా అదే కదా జరిగింది. మూడు విడతల ఉద్దీపన, కేంద్రం లోటు జీడీపీలో 2.5 శాతం అనుకున్నది 6 శాతం దాటింది, ఆ తర్వాత మూడు నాలుగేళ్లు కూరగాయలు, పప్పులు కొనలేని పరిస్థితి.

సుబేదారి_మాస్టారు

2010-13 ధరల పెరుగుదల నిజమే. ఒప్పుకుంటాను. కానీ దానికి చమురు, 2009 కరువు కూడా కారణాలు, అంతా ఉద్దీపన ఖాతాలో రాయకండి.

స్కాలర్ గారి ప్రశ్నకు నా సమాధానం: 1952లో నిజం, 2002లో కాదు. 2002 మధ్యలో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతోంది, అదే ఏడాది ఊళ్లలో కరువు. గింజలు లేక కాదు, కొనే శక్తి లేక ఆకలి. రావు గారు చెప్పిన అడ్డంకి ఏదైతే ఉందో, తిండి గింజలు, అది తొలగిపోయింది. అప్పుడు మిగిలింది కీన్స్ సమస్యే. ఉపాధి హామీ కోసం ఉద్యమం ఆ గోదాములను చూపించే నడిచింది. సిద్ధాంతం ఎక్కడ చెల్లుతుందన్నది ఊరి పేరు మీద ఆధారపడదు, ఆ ఏడాది గోదాములో, మిల్లులో, పొలంలో ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. ఇది చెబితే పిల్లలకు అర్థమవుతుంది.

ములుగు_రీడర్

ఎవరూ చెప్పలేదు కాబట్టి: కీన్స్ మన దేశానికి ఎప్పుడూ రాలేదు గానీ ఆయన మొదటి పుస్తకం మన రూపాయి మీదే. 1906 నుంచి 1908 దాకా లండన్‌లో ఇండియా ఆఫీసులో పనిచేసి, 1913లో భారత కరెన్సీ మీద రాశాడు, గోల్డ్ ఎక్స్‌చేంజ్ పద్ధతిని (దేశం లోపల రూపాయిలే తిరుగుతూ, వాటి విలువ మాత్రం బంగారానికి ముడిపడి ఉండే పద్ధతి) సమర్థించాడు. పదేళ్ల తర్వాత, 1923లో అంబేద్కర్ 'ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'లో దాన్ని ఎదిరించాడు. రూపాయలు ఎంత విడుదల చేయాలన్నది సర్కారు ఇష్టానికి వదిలేస్తే విలువ పడిపోతుంది, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, దెబ్బ పేదవాడికే అని. మన బీఏ పుస్తకాల్లో కీన్స్ ఒక యూనిట్, అంబేద్కర్ ఇంకో పేపర్లో. ఇద్దరినీ ఒక క్లాసులో కూర్చోబెడితే ఎంత బాగుంటుంది మేడం! లోటు_వద్దు గారి భయానికి కూడా అందులో గౌరవమైన చోటు ఉంటుంది.

గ్రూప్2_కరీంనగర్

అయితే రైతుబంధు కీన్సియన్ పథకమా కాదా? ఎగ్జామ్‌లో వస్తే ఏం రాయాలి?

కాకతీయ_ఎకనామిక్స్ (హన్మకొండ)

సగం సగం అని రాయండి, కారణాలతో. 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4,000, తర్వాత 5,000. వానాకాలం విత్తనాల ముందు డబ్బు చేతికి రావడం మంచి సమయం, మిత్తి వ్యాపారి దగ్గరికి వెళ్లే పని కొంత తగ్గింది. కానీ అప్పట్లో ఎకరాలకు పరిమితి లేదు, డబ్బు పట్టా ఉన్నవాడికి వెళ్లింది. రెండెకరాల రైతు పది వేలను ఆ వారంలోనే ఎరువు, విత్తనం, కూలి కింద ఖర్చు పెడతాడు. హైదరాబాద్‌లో ఉండి ఊర్లో ముప్పై ఎకరాలున్నాయన అకౌంట్లో లక్షన్నర పడితే అది ఎక్కువగా డిపాజిట్‌గా ఉండిపోతుంది. ఆ ముప్పై ఎకరాలు దున్నే కౌలు రైతుకు ఏమీ రాలేదు. ఉపాంత వినియోగ ప్రవృత్తి అని బోర్డు మీద రాసేది ఇదే. అదే మొత్తం ఖర్చుతో గిరాకీ ఎక్కువ పుట్టించాలంటే కింది నుంచి ఇవ్వాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువులకు మంచిదే, కానీ ఎక్కువ చోట్ల పూడిక తీసింది ప్రొక్లెయినర్లు. ఆస్తి మిగిలింది, కూలి రోజులు తక్కువ. రెండు లక్ష్యాలు వేరని పిల్లలకు చెప్పాలి.

లోటు_వద్దు (నిజామాబాద్)

ఇక్కడ ఇంకో ముఖ్యమైన విషయం. రాష్ట్రం నోట్లు ముద్రించుకోలేదు. కేంద్రానికి అప్పున్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే 293వ అధికరణం కింద కేంద్రం అనుమతి కావాలి, సాధారణంగా జీఎస్‌డీపీలో (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) 3 శాతం దగ్గర గీత గీస్తారు. పైగా ఊర్లో ఖర్చయిన రూపాయి ఊర్లో తిరగదు. బైకు కొంటే బయటి రాష్ట్రానికి, చీర కొంటే సూరత్‌కు, ఫోన్ కొంటే ఇంకా దూరం. పుస్తకంలో 5 వచ్చే గుణకం జిల్లా సరిహద్దులో ఎంత మిగులుతుంది? మాంద్యంలో ఖర్చు పెట్టే బాధ్యత కేంద్రానిదే కావాలి, రాష్ట్రాలు అప్పుతో ఆ పాత్ర వేయకూడదు.

రీసెర్చ్_స్కాలర్_ఓరుగల్లు

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కేంద్రం కూడా ఆ పాత్ర ఎలా వేసిందో చూడాలి. 2020లో 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు, అందులో చాలా భాగం అప్పులు, గ్యారంటీలు, బ్యాంకులకు నిధుల లభ్యత. ఎనుమాముల అన్న చెప్పిన మిల్లు ఓనరుకు అమ్మకాలే లేనప్పుడు అప్పు ఇస్తామంటే ఏం చేసుకుంటాడు? నేరుగా చేతికి వెళ్లిన వాటిలో పెద్దది ఉపాధి హామీయే, బడ్జెట్‌లో 61,500 కోట్లు ఉంటే అదనంగా 40,000 కోట్లు ఇచ్చారు.

అప్పు భయం మీద కూడా ఒక్క మాట. అప్పు జీడీపీలో 90 శాతం దాటితే ఎదుగుదల పడిపోతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ రాశారు, యూరప్‌లో పొదుపు చర్యలకు అది పెద్ద ఆయుధమైంది. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థి, హెర్న్‌డన్, వాళ్ల ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూస్తే కొన్ని దేశాల వరుసలు లెక్కలోకే రాలేదు. సరిచేశాక ఆ 90 దగ్గర అగాధం కనపడలేదు. అదే ఏడాది ఐఎంఎఫ్‌లోనే బ్లాన్‌షార్డ్, లీ కోతల దెబ్బను అంచనాల్లో తక్కువ లెక్కవేశారని చూపించారు. అప్పు ఎంతైనా పర్వాలేదని కాదు, అంకె చూపించి భయపెట్టేవాళ్లను అంకె ఎలా వచ్చిందో అడగాలి.

లోటు_వద్దు (నిజామాబాద్)

ఆ ఎక్సెల్ సంగతి సరైనదే. కానీ అది దేశాల లెక్క. రాష్ట్రాల విషయంలో నా మాట మార్చుకోను.

కాకతీయ_ఎకనామిక్స్ (హన్మకొండ)

మార్చుకోకండి, క్లాసులో నాకు ఆ వాదన కావాలి. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా పిల్లల్ని వాళ్ల వాళ్ల ఊర్లకు పంపుదామనుకుంటున్నాను. కూలి డబ్బులు పడ్డాక కిరాణం, మెడికల్ షాపు, ఎరువుల దుకాణంలో అమ్మకం ఎంత మారింది, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగి రాయాలి. మేట్ గారూ, ఏ రోజు వెళ్తే మంచిది?

కరువుపని_మేట్ (జనగామ)

పైసలు పడిన రోజు వద్దు మేడం, మూడు నాలుగు రోజులయ్యాక పంపండి. మొదటి రోజు అంతా పాత ఉద్దెర తీర్చడమే. కొట్టాయన ఖాతా పుస్తకంలో పేరు మీద గీత కొడతాడు, కొత్త సరుకు ఏమీ పోదు. ఇప్పుడు ఆ ఉద్దెర తీర్చింది ఖర్చు కింద రాయాలా, పొదుపు కింద రాయాలా? పిల్లలు నన్ను అడిగితే నేనేం చెప్పాలి?

సుబేదారి_మాస్టారు

ఆ ఇంటి లెక్కలో పొదుపు కిందే రాయాలి, ఎందుకంటే ఆ బియ్యం, నూనె ఎప్పుడో తిన్నారు, అప్పుడే ఖర్చు అయిపోయింది. కానీ అక్కడ ఆపొద్దు. కొట్టాయన ఆ డబ్బుతో బీట్ బజార్ నుంచి సరుకు తెప్పించాడా, లేక తన బ్యాంకు అప్పుకు జమ చేశాడా అని కూడా అడగమనండి. తెప్పిస్తే డబ్బు ముందుకు కదిలింది, జమ చేస్తే అక్కడే నిలిచింది. ఖాతా పుస్తకం చూపించమని మాత్రం అడగొద్దు, అందులో ఊరివాళ్ల పేర్లుంటాయి. నోటి లెక్క చాలు.